కారు కింద దిష్టి బువ్వ

ఆదివారం పొద్దున ఆ ఇంట్లో గొడవ ఒక ప్లాస్టిక్ కవరు దగ్గర మొదలైంది. చిన్న కోడలు అనురాధ, కారు నడిపే సీటు మీదున్న ప్లాస్టిక్ తొడుగును చింపేసింది. ఎండకు వేడెక్కి వీపుకు అంటుకుంటోందని చింపి, ఉండచుట్టి, చెత్తబుట్టలో పడేసింది. అత్త రేణుకమ్మ దాన్ని బుట్టలోంచి ఏరి తెచ్చి, నల్లా కింద కడిగి, దండెం మీద ఆరేసి, అప్పుడు నోరు విప్పింది.

"సీటు ఖరాబు కావద్దని బట్ట తొడిగించినం. బట్ట ఖరాబు కావద్దని ప్లాస్టిక్ ఉంచినం. నీ ఈపు గంత నాజూకైతే నిలవడి నడుపు."

"నిలవడి నడిపితే బ్రేకు అందదు అత్తమ్మా," అంది అనురాధ.

ఆ మాటలో వెటకారం ఉందో లేదో తేల్చుకోవడానికి రేణుకమ్మకు కొంత సమయం పట్టింది. ఉందని తేలాక గొడవ పెద్దదైంది.

పెద్ద కోడలు యమున వంటింట్లో ఉల్లిగడ్డలు కోస్తూ వింటోంది. ఆమె చేయి ఆగలేదు. ముక్కలన్నీ ఒకే మందాన పడుతున్నాయి. తిట్లు తనకు కాకుండా ఇంకొకరికి పడుతుంటే వంటపని ఎంత తేలిగ్గా సాగుతుందో, కాపురానికి వచ్చిన ఇన్నేళ్లకు, ఈ ఏడే ఆమెకు తెలిసింది.

యమున ఈ ఇంట్లో అడుగుపెట్టిన ఎండాకాలంలోనే చెలక దగ్గరి బోరు ఎండిపోయింది. ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల ఆ ఏడు ఎండని బోరు లేదు. అయినా రేణుకమ్మ దృష్టిలో మిగతావాళ్ల బోర్లు వానలు లేక ఎండాయి, తమ బోరు మాత్రం కోడలి పాదం వల్ల ఎండింది. అప్పటినుంచి బర్రె తన్నినా, పెసరుచేనుకు పురుగు పట్టినా, పెద్ద కొడుకు ధర్మేందర్ బైకు మీంచి పడినా ఆ పాదమే కారణం. యమున డిగ్రీ చదివింది. మొదట్లో వాదించింది. వాదిస్తే పాదంతో పాటు నోరు కూడా నేరమవుతోందని అర్థమయ్యాక మానేసింది. కూతుర్ని గురుకులం హాస్టల్లో వేశాక, ఇంట్లో ఆమెతో నెమ్మదిగా మాట్లాడే మనిషే లేకుండా పోయింది.

అనురాధ యాచారం నుంచి కోడలుగా వచ్చింది. ఆమె వచ్చిన నెలలోనే కారు కూడా వచ్చింది. దాంతో యమున పాదం సంగతి అందరూ మరిచిపోయారు.

కారు కొత్తదేం కాదు. అన్నదమ్ములిద్దరూ కలిసి కొన్న పాత కారు. ధర్మేందర్ కొంగరకలాన్ వైపు ప్లాట్లు చూపించే పని చేస్తాడు. చూపించేవాడు బైకు మీద వస్తే ప్లాటు కూడా చిన్నగా కనిపిస్తుందని అతని వాదన. తమ్ముడు శ్రీశైలం రావిర్యాల దగ్గర ఫ్యాక్టరీలో షిఫ్టులు చేస్తాడు. అతనికి కారు నడపడం రాదు. అన్న అడిగితే కాదనడం కూడా రాదు. సాగర్ రోడ్డు మీద షెడ్డు నడిపే మెకానిక్ మొయిజ్‌ను వెంటబెట్టుకుని పట్నం వెళ్లి చూసి వచ్చారు. మొయిజ్ కాళ్ల కింది పట్టా లేపి తడి తగిలిందేమో చూశాడు. తలుపులు వేళ్లతో కొట్టి చూశాడు. వంగి టైర్లు చూశాడు. ఒక్క చేతిలో నడిచిన బండి, కళ్లు మూసుకుని తీసుకోవచ్చన్నాడు. రేణుకమ్మ అతన్ని అడిగింది ఒక్కటే. ఆ బండిలో ఎవరన్నా చచ్చిపోయారా అని.

పూజ రోజు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. ధర్మేందర్ కొత్త చొక్కా వేసుకుని సీట్లో కూర్చున్నాడు. బండి ఒక్కసారి ముందుకు తన్ని, నిమ్మకాయల ముందే ఆగిపోయింది. మళ్లీ తీశాడు. మళ్లీ ఆగింది. వాడకట్టంతా గేటు దగ్గర నిలబడి చూస్తోంది. అనురాధ ఉండబట్టలేక, "క్లచ్ నిమ్మళంగ ఇడువు బావా," అంది. ఎవరో నవ్వారు. మూడోసారి కూడా ఆగేసరికి మామ భిక్షం, నడపడం వచ్చినోళ్లే నడపాలని అనురాధకే చెప్పాడు. పెళ్లికి ముందే లైసెన్సు తీసుకున్న పిల్ల. చెప్పులు విప్పి, ఎక్కి, నాలుగు నిమ్మకాయలనూ ఒకే చప్పుడుతో తొక్కించింది. చప్పట్లు కొట్టారు. ధర్మేందర్ కూడా కొట్టాడు. కానీ ఆ రోజు నుంచి మరదలితో అవసరం ఉంటేనే మాట్లాడేవాడు.

బండిలో మొదటి కాలు పెట్టింది ఎవరు అన్న ప్రశ్నకు ఆ విధంగా జవాబు స్థిరపడిపోయింది.

మొదట లైట్లు పోయాయి. తర్వాత హారన్. ఆ తర్వాత కొంగరకలాన్‌లో, ప్లాటు చూడటానికి వచ్చిన భార్యాభర్తలను ఎండలో నిలబెట్టి, బండి మొత్తంగా ఆగిపోయింది. ప్రతిసారీ మొయిజ్ వచ్చి, ఎలుకలు వైర్లు కొరికాయని చెప్పి, అతుకులు వేసి పోయేవాడు. ఎలుకలు అందరి ఇళ్లలోనూ ఉన్నాయి కదా, అవి తమ బండికే ఎందుకు వస్తున్నాయని ధర్మేందర్ అడిగేవాడు. దానికి మొయిజ్ దగ్గర జవాబు లేదు. రేణుకమ్మ దగ్గర ఉంది.

దిష్టి తీయడం ఆమె చేసిన వైద్యం. ప్రతి ఆదివారం దీపాలు పెట్టే వేళకు యమున పసుపు కలిపిన బువ్వ ముద్ద ఒకటి, కుంకుమ కలిపింది ఒకటి, బొగ్గు నూరి కలిపింది ఒకటి చేయాలి. విస్తరాకులో పెట్టి కారు చుట్టూ తిప్పాలి. తిప్పిన బువ్వను మూడు బాటలు కలిసే చోట పారేసి, వెనక్కి చూడకుండా రావాలి. కానీ ఆ మూడు బాటలు ఇప్పుడు లేవు. ఆ భూమి వెంచర్ అయింది. చుట్టూ గోడ కట్టి, ముందు ఆర్చి నిలబెట్టి, కాపలాదారును పెట్టారు. రంగు బువ్వ తెచ్చి తమ ప్లాట్ల మధ్య పారేస్తే కొనేవాళ్లు భయపడతారని కాపలాదారు ఒకరోజు యమునను తిట్టి వెనక్కి పంపాడు. ఆమె ఆకు పట్టుకుని తిరిగి వస్తే రేణుకమ్మ కాసేపు ఆలోచించి, "బండికే గదా దిష్టి. బండి కిందనే పెట్టు, ముందటి టైరు కాడ," అంది.

అప్పటినుంచి బువ్వ టైరు దగ్గరే పెడుతున్నారు. పొద్దున లేచేసరికి ఆకు ఖాళీగా ఉండేది. దిష్టి తీసుకుపోయిందని రేణుకమ్మ సంతోషించేది.

ఆ ఆదివారం, ప్లాస్టిక్ కవరు గురించి మొదలైన గొడవ పాదం దాకా వచ్చాక, అనురాధ ఇన్నాళ్లుగా దాచిన మాట బయటపెట్టింది. కొంగరకలాన్‌లోని ఎలక్ట్రానిక్స్ కంపెనీలో ఆమెకు ఉద్యోగం వచ్చింది. వచ్చే నెల చేరాలి. రెండో షిఫ్టు అయ్యేసరికి ఆ దారిలో బస్సు ఉండదు, ఆటో దొరకదు. కారు ఉంటేనే పోగలదు. అందులో సగం తన భర్తది కూడా కదా అంది.

ధర్మేందర్ ఒప్పుకోనన్నాడు. శ్రీశైలం గోడ మీది క్యాలెండర్ వైపు చూస్తూ కూర్చున్నాడు. భిక్షం ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. మాట్లాడితే దాని మీద ఇంకొకరు మాట్లాడరు.

"పంచాది వద్దు," అన్నాడు. "వచ్చే అమాస దాంక బండి చిన్నకోడలు చేతిల ఉంటది. అమాస దాంక రిపేరు రాకపోతే అదే బండి తీస్కొని నౌకరికి పోతది. వస్తే, నౌకరి ముచ్చట ఈ ఇంట్ల మల్ల ఎత్తద్దు."

అనురాధ సరేనంది. ఆ రోజు సాయంత్రం వంటింట్లో యమునతో, "బండి మనిషిని చూసి ఆగదక్కా. మంచిగ అర్సుకుంటే నడుస్తది," అంది. ఆ మాట ఆమె నమ్మి అంది.

మర్నాడు మొయిజ్ ఇంటికి వచ్చి బండిని మొత్తంగా విప్పి చూశాడు. అనురాధ కొత్త వైరు తేవడానికి బజారుకు పోయింది. యమున చాయ్ పట్టుకుని వెళ్లేసరికి అతను ఇంజనుకు గాలి వడగట్టే డబ్బా మూత తీసి, లోపలి నుంచి ఎలుకల గూడు బయటికి లాగుతున్నాడు. దూది, ప్లాస్టిక్ ముక్కలు, విస్తరాకు ఈనెలు. వాటి మధ్య ఎండి గట్టిపడిన మెతుకులు. పసుపువి, ఎర్రవి.

మొయిజ్ వాటిని అరచేతిలో వేసుకుని చూశాడు. "వదినా, బండి కాడ బువ్వ ఎవరు పెడుతున్నరు?"

"ఏమో," అంది యమున. "పక్క ప్లాట్ల కుక్కలకు ఎవరో పెడతరు."

ఆమెకు ఆ క్షణంలోనే అంతా అర్థమైంది. ఆదివారం బువ్వ, సోమవారం ఖాళీ ఆకు, ఆ వారంలోనే తెగే వైరు. తన చేత్తోనే ముద్దలు చేసి, తన చేత్తోనే ఎలుకలను పిలిచింది. చెప్పాలనే అనుకుంది. కానీ చెబితే అత్త దిష్టిని తప్పుపట్టినట్టు అవుతుంది. చెప్పకుండా సరిచేసే దారి ఒకటి ఉంది. తర్వాతి ఆదివారం నుంచి ముద్దలు తిప్పి, అత్త లోపలికి వెళ్లాక, ఆకుతో సహా గోడ అవతల ఖాళీ ప్లాటులోకి విసిరేసేది.

కారు నడిచింది. ఒక్క లైటు కూడా పోలేదు. అనురాధ రోజూ పొద్దున బానెట్ ఎత్తి నీళ్లు చూసేది, నూనె చూసేది, బండిని గుడ్డతో తుడిచేది. అత్తను మోకాళ్ల నొప్పులకు దవాఖానకు తీసుకుపోయేది. మామను యాచారం సంతకు తీసుకుపోయేది. ధర్మేందర్ ప్లాటు చూపించడానికి పోతే తనే నడిపి, వచ్చినవాళ్ల ముందు నోరు తెరవకుండా సీట్లో కూర్చునేది.

ఒకరోజు మధ్యాహ్నం యమునను వెంటబెట్టుకుని వెంచర్ లోపలికి పోయింది. కారులో వచ్చినవాళ్లకు కాపలాదారు లేచి నిలబడి గేటు తీశాడు. లోపల రోడ్లు నున్నగా, ఖాళీగా ఉన్నాయి. అనురాధ సీటు దిగి, యమునను ఎక్కించింది.

"నువ్వు ఫికర్ జేయకు అక్కా. గీడ గుద్దుకుందామన్నా ఏం లేదు."

యమున రెండో గేరు దాకా వేసింది. ప్లాట్ల హద్దురాళ్లు పక్కనుంచి ఒక్కొక్కటే వెనక్కి పోయాయి. మూల తిప్పినప్పుడు ఆమె గట్టిగా నవ్వింది. ఆ నవ్వు తనదేనా అని తనే అనుమానపడింది. దిగాక అనురాధ ఆమెకు బానెట్ తెరవడం కూడా చూపించింది. స్టీరింగ్ కింద మీట లాగాలి, ముందుకు వచ్చి వేలితో కొక్కెం జరపాలి. ఇది బ్యాటరీ, ఇది నీళ్ల డబ్బా, ఇది ఫ్యాన్. యమున ప్రతిదీ రెండోసారి చెప్పించుకుని గుర్తుపెట్టుకుంది. ఏ పనైనా ఆమె అట్లాగే నేర్చుకుంటుంది.

కారు బాగా నడుస్తున్న కొద్దీ ఇంట్లో ఇంకొకటి మొదలైంది.

రేణుకమ్మ నాలుకకు పని లేకుండా పోయింది. చిన్నకోడల్ని అనడానికి రోజూ ఏదో ఒకటి వెతుకుతోంది, దొరకడం లేదు. ఒకరోజు పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి. ఆ రోజే ధర్మేందర్ ఖాయమనుకున్న ప్లాటు బేరం తప్పిపోయింది. రేణుకమ్మ గడపలో కూర్చుని, ఎవరితోనో కాదు, గోడతో మాట్లాడినట్టు మాట్లాడింది. బండికి పట్టింది పోయింది, ఇంటికి పట్టింది మాత్రం పాతదే అంది. బోరు ఎండిన ఏడు నుంచి మొదలుపెట్టి, బర్రె, పెసరుచేను, బైకు, ఒక్కొక్కటీ వరసగా చెప్పింది. ఏదీ మరిచిపోలేదు.

ఆ తర్వాత వారం అన్నదమ్ముల మేనత్త కొడుకు ఎంకయ్య ఇంట్లో పుట్టువెంట్రుకలు. అందరూ కారులోనే వెళ్లారు. అక్కడ ఆడవాళ్లంతా కూర్చున్న చోట రేణుకమ్మ చిన్నకోడల్ని పక్కన కూర్చోబెట్టుకుంది. "చిన్నదాని పాదం మంచిదే. గిన్ని దినాలు ఊకె ఆడిపోసుకున్న," అంది. తర్వాత యమున వైపు గడ్డం ఎత్తి చూపించింది. "అసలు కత ఆడుంది." పక్కనున్నవాళ్లు నవ్వారు. యమున చేతిలో చాయ్ గ్లాసుల పళ్లెం ఉంది. అందరికీ ఇచ్చింది. అత్తకు చక్కెర తక్కువ వేసిన గ్లాసు ఏదో గుర్తుపెట్టుకుని మరీ ఇచ్చింది.

అనురాధ కూడా నవ్వింది. అత్త మొదటిసారి పక్కన కూర్చోబెట్టుకున్న సంతోషంలో నవ్విందో, ఏం చేయాలో తోచక నవ్విందో. తిరుగుదారిలో ఆమె అద్దంలో వెనక సీటు వైపు చూసి, "అక్కా, ఏసీ తగులుతుందా?" అని అడిగింది. యమున తగులుతోందని చెప్పింది.

మర్నాడు ఆదివారం. యమున ముద్దలు చేసింది. పసుపు ముద్ద కలుపుతూ ఒక్కసారి ఆగి, అరలోంచి నెయ్యి డబ్బా దించింది. అనురాధ తల్లి యాచారం నుంచి పంపిన నెయ్యి అది. ఆ ఇంటివాళ్లు మెంతులు వేసి కాస్తారు. మూత తీస్తే వంటిల్లంతా వాసన వస్తుంది. యమున మూడు ముద్దల్లోనూ ఆ నెయ్యి కలిపింది. పిడికెడు పల్లీలు కూడా నూరి కలిపింది.

కారు చుట్టూ ఆకు తిప్పుతుంటే రేణుకమ్మ గడపలో నిలబడి చూసింది. తిప్పడం అయిపోయాక అలవాటుగా లోపలికి వెళ్లింది. యమున మీట లాగింది. ముందుకు వచ్చి, వేలితో కొక్కెం జరిపింది. ఒక ముద్ద బ్యాటరీ పక్కన, ఒకటి ఫ్యాన్ వైర్ల మీద, ఒకటి గాలి డబ్బా వెనక. బానెట్‌ను చప్పుడు కాకుండా దించి, రెండు చేతులతో నొక్కి మూసింది. చేతులు కడుక్కుని, అన్నం వార్చింది.

ఆ వారమంతా, రోజూ రాత్రి అత్త పడుకున్నాక, అవే ముద్దలు గుప్పిట్లో పట్టుకుపోయి ఆమె ఇంజనుకు బువ్వ పెట్టింది. పొద్దున అనురాధ లేచేలోపు బానెట్ ఎత్తి, మిగిలిన మెతుకులు తీసేసేది. మిగిలేవి చాలా తక్కువ.

అమావాస్య నాడు అనురాధ తెల్లవారుజామునే తలకు పోసుకుంది. మర్నాటి నుంచి కంపెనీకి పోవచ్చన్న ఉత్సాహంలో ఆ ఒక్క పొద్దున బానెట్ ఎత్తి చూడటం మరిచిపోయింది. యమున మరవలేదు. కానీ ఆ రోజు ఆమె మెతుకులు తీయలేదు. ఇక తీయాల్సిన అవసరం ఉంటుందనుకోలేదు.

రేణుకమ్మను దవాఖానలో చూపించి తిరిగి వస్తుండగా, సాగర్ రోడ్డు మీద బండి వేడెక్కింది. ముందునుంచి ఆవిరి లేచింది. వెనక లారీ హారన్ కొడుతోంది. అనురాధ బండిని మెల్లగా పక్కకు తీసి, ఆపి, అత్త చేయి పట్టుకుని దించి వేపచెట్టు నీడలో కూర్చోబెట్టింది. రేణుకమ్మ రోడ్డు పక్కనే దుమ్ములో కూర్చుని, పోయేవాళ్లందరికీ వినిపించేలా, నన్ను చంపేటందుకే తెచ్చిందని ఏడ్చింది.

అనురాధ బానెట్ ఎత్తింది. ఫ్యాన్ వైరు పూర్తిగా తెగి ఉంది. బ్యాటరీ పక్కన సగం తిన్న పసుపు ముద్ద, ఇంజను వేడికి కరిగి జిడ్డుగా మెరుస్తోంది. ఆవిరితో పాటు మెంతుల వాసన వచ్చింది. ఆమె వంగి, ముద్దను వేలితో తాకి వాసన చూసింది. తర్వాత ఫోను తీసి ఫోటో తీసింది.

మొయిజ్ వచ్చి బండిని తాడుతో లాక్కుపోయాడు. అత్తాకోడళ్లు ఆటోలో ఇంటికి వచ్చారు. యమున ఎప్పటిలాగే నీళ్లచెంబుతో ఎదురొచ్చింది. అనురాధ చెంబు తీసుకోకుండా వంటింట్లోకి వెళ్లి, నెయ్యి డబ్బా దించి, మూత తీసి లోపలికి చూసింది. సగానికి పైగా తగ్గింది.

"అక్కా, మా అమ్మ నెయ్యే దొరికిందా నీకు?"

యమున చెంబు గట్టు మీద పెట్టింది. తొణికిన నీళ్లను కొంగుతో తుడిచింది. అబద్ధం చెప్పాలనిపించలేదు ఆమెకు.

"ఇన్నేండ్లు నేను పడ్డ," అంది. "నువ్వు ఒక్క ఏడు పడలేవా?"

"నేనేం జేసిన నీకు?"

యమున ఆలోచించింది. న్యాయంగా చెప్పాలంటే ఏమీ చేయలేదు. ఆ మాట బయటికి అనకుండా పప్పు కడగడం మొదలుపెట్టింది.

ఆ రాత్రి ఎవరూ సరిగా తినలేదు. మర్నాడు మధ్యాహ్నం మామ అందరినీ ఒకేసారి తిండికి కూర్చోమన్నాడని రేణుకమ్మ చెప్పింది. శ్రీశైలం షిఫ్టు మానుకుని ఇంట్లోనే ఉన్నాడు. కోడికూర వండారు. నలుగురూ చాప మీద కూర్చున్నారు. అనురాధ భర్త పక్కన చివరన కూర్చుంది. యమున వడ్డిస్తోంది.

భిక్షం బువ్వ కలుపుకుంటూ, మొయిజ్ ఏమన్నాడని అడిగాడు. ఎలుకలేనట అన్నాడు ధర్మేందర్. ఎలుకలు అనే మాటను అతను పళ్ల మధ్య గింజ ఇరుక్కున్నట్టు పలికాడు. తనకు ఇంక ఈ బండి విషయంలో ఎవరి సలహా అక్కర్లేదని, తాళంచెవి తన జేబులోనే ఉంటుందని కూడా అన్నాడు.

"చిన్నకోడలా, చెప్పేదేమన్న ఉన్నదా?" అన్నాడు భిక్షం.

అనురాధ కంచం ముట్టలేదు. "ఎలుకలు బువ్వకు వస్తున్నయ్ మామా. టైరు కాడ పెట్టే దిష్టి బువ్వకు మరిగినయ్. ఈ వారం అక్క ఆ బువ్వ ఇంజన్ల పెట్టింది. నెయ్యి ఏసి పెట్టింది. గిదో, ఫోటో."

ఫోను చేతులు మారింది. శ్రీశైలం చూసి, తల్లి వైపు చూసి, తొందరగా అన్నకు ఇచ్చాడు. ధర్మేందర్ చూసి తండ్రికి ఇచ్చాడు. భిక్షం కళ్లద్దాలు లేక దూరంగా పట్టుకుని చూశాడు. రేణుకమ్మ లాక్కుని చూసింది. పసుపు రంగు కనిపించగానే ఫోన్‌ను నిప్పు ముట్టినట్టు చాప మీద పెట్టేసింది.

"దిష్టి బువ్వను ఫోటో తీసినవా? తీసి మేం బువ్వ తినే కాడికి తెచ్చినవా?"

"అది కాదు అత్తమ్మా, అది ఏడున్నదో చూడు."

"దిష్టి తీయమన్నది నేను. టైరు కాడ పెట్టమన్నది నేను. అంటే నా బండిని నేనే ఖరాబు చేసుకున్ననా?" రేణుకమ్మ యమున వైపు తిరిగింది. "నువ్వు చెప్పు. బువ్వ ఏడ పెట్టినవ్?"

వడ్డించే గరిటె యమున చేతిలో ఉంది. కూర చుక్క కింద పడకుండా దాన్ని గిన్నె అంచుకు ఒత్తి, "మీరు పెట్టమన్న కాడనే పెట్టిన అత్తమ్మా," అంది.

ధర్మేందర్ భార్య వైపు ఒక్కసారి చూశాడు. ఈ వారమంతా తెల్లవారకముందే ఆమె లేచి బయటికి పోవడం అతనికి తెలుసు. రెండుసార్లు బానెట్ మూసిన చప్పుడు పక్క మీంచే విన్నాడు. తాళంచెవి చొక్కా జేబులో ఉందో లేదో పైనుంచి తడుముకుని, మళ్లీ తినడం మొదలుపెట్టాడు.

"శ్రీశైలం," అంది అనురాధ. మొదటిసారి అందరి ముందు భర్తను పేరు పెట్టి పిలిచింది. అతను కంచంలో ముక్కను అటు ఇటు జరిపాడు. ఎముక నుంచి కండను జాగ్రత్తగా విడదీశాడు. తల ఎత్తలేదు.

యమున అనురాధ పక్కకు వచ్చి వంగి, ఆమె ముట్టని బువ్వ మీద మంచి ముక్కలు రెండు ఏరి వేసింది. అనురాధ ఆ ముక్కల వైపు చూసి, కంచాన్ని ముందుకు నెట్టింది.

భిక్షం రెండు ముద్దలు తిని, నీళ్లు తాగి, గ్లాసు కింద పెట్టాడు.

"మాట ప్రకారం నౌకరి ముచ్చట అయిపోయింది. బండి ధర్మేందర్ దగ్గరనే ఉంటది. చిన్నకోడలు కొన్నొద్దులు వాళ్ల అమ్మగారింట్ల ఉంటది. ఎప్పుడు తోల్కరావాల్నో మేం చెప్తం. అప్పటిదాంక ఎవ్వరు పోవుడు లేదు, ఫోన్లు లేవు."

"దిష్టి ఇగ రోజూ తియ్యాలె," అంది రేణుకమ్మ, యమునతో. తర్వాత తన కంచంలోని బొక్కను పక్కకు పెట్టి, పెద్దగా ఆలోచించకుండానే అంది. "ఇగ ఇంట్ల మిగిలిన పాదం నీదొక్కటే. జర చూస్కొని తిరుగు."

యమున చేతిలో గరిటె ఒక్క క్షణం గాలిలోనే ఉండిపోయింది. తర్వాత మామ కంచం ఖాళీ అవుతోందని గమనించి, అటు వెళ్లింది.

శ్రీశైలం గొంతు సవరించుకున్నాడు. అందరూ అతని వైపు చూశారు. అనురాధ కూడా చూసింది.

"బాపూ, సామాను శాన ఉంటది," అన్నాడు. "రేపు అన్న కారుల దింపుతడా?"

"కారు వద్దు," అన్నాడు భిక్షం, యమున వేసిన బువ్వలో గుంట చేసుకుంటూ. "పొద్దుగాల బస్సుల తీస్కపో."